బిర్యానీలో అనాసపువ్వు, ఫ్లూకి మందు: మధ్యలో మన హైదరాబాద్

చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకుని అశోక్‌నగర్ రూములకి నడిచివెళ్లేవాళ్లు మన ఛానెల్ చాలామందే చూస్తారు. మీకు పక్కనే, నారాయణగూడలో ఐపీఎం ఉంది కదా. 2015 మొదట్లో తెలంగాణలో స్వైన్ ఫ్లూ ముదిరినప్పుడు శాంపిల్స్ టెస్టుకి అక్కడికే వచ్చేవి. పాజిటివ్ అని తేలితే ఇచ్చే మందు ఒసెల్టమివిర్. టామిఫ్లూ అంటే గుర్తుపడతారు. ఇవాళ దాని కథ.

1885లో జపాన్‌లో మొదలైంది. అక్కడ షికిమి అని ఒక చెట్టు, మన బిర్యానీలో వేసే అనాసపువ్వుకి దాయాది. కాకపోతే దీని కాయ విషం. ఐక్‌మన్ అనే డచ్ కెమిస్ట్ అందులోంచి ఒక ఆమ్లం వేరుచేసి చెట్టు పేరే పెట్టాడు, షికిమిక్ యాసిడ్ అని. అది ఫ్లూ మందుకి ముడిసరుకు అవ్వడానికి ఇంకో వందేళ్లు పైనే పట్టింది.

ఫ్లూ వైరస్ మన కణంలో పెరిగాక బయటికి రావాలంటే, కణం పైపొరకి తనను అంటించి ఉంచిన బంధాన్ని తెంచుకోవాలి. దానికి వాడే కత్తెర న్యూరామినిడేస్. హెచ్1ఎన్1లో ‘ఎన్’ అదే. 1990ల్లో అమెరికాలోని గిలియడ్ శాస్త్రవేత్తలు ఆ కత్తెర నోట్లో ఇరుక్కునే అణువు తయారుచేశారు. రోష్ కంపెనీ హక్కులు తీసుకుంది. 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది.

అసలు తలనొప్పి తయారీలో. షికిమిక్ యాసిడ్ కోసం అనాసపువ్వు కావాలి, అదేమో ఎక్కువగా చైనాలో పండుతుంది. ఒక మనిషికి అయిదు రోజుల కోర్సు, అంటే పది క్యాప్సూల్స్‌కి సుమారు 13 గ్రాముల పువ్వు. మధ్యలో ఎజైడ్‌లతో చేసే స్టెప్పులున్నాయి, తేడా వస్తే పేలతాయి. అన్నట్టు, అనాసపువ్వు కషాయం తాగితే ఫ్లూ పోతుందని వాట్సాప్‌లో తిరుగుతుంది, నమ్మకండి. షికిమిక్ యాసిడ్ ఒట్టి ముడిసరుకు, అది మందు కాదు.

2005లో బర్డ్ ఫ్లూ భయంతో దేశాలన్నీ నిల్వలకి ఎగబడ్డాయి. రోష్ ఒక్కటీ చేసివ్వలేని పరిస్థితి. ఆ డిసెంబర్‌లో ఇండియాకీ, ఇతర వర్ధమాన దేశాలకీ తయారుచేసేందుకు హైదరాబాద్‌లోని హెటెరోకి లైసెన్స్ ఇచ్చింది.

ఎందుకు ఇక్కడికి? నా లెక్కలో సగం జవాబు 1970 పేటెంట్ చట్టం. మందు మీద పేటెంట్ లేదు, చేసే పద్ధతి మీద మాత్రమే. అదే అణువుని ఇంకో దారిలో చేస్తే నీదే. దాంతో బాలానగర్ ఐడీపీఎల్ మొదలు జీడిమెట్ల దాకా ఒక తరం కెమిస్టులు దారులు వెతకడంలోనే ఆరితేరారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఏపీఐ అంటే ఒకటి, వాళ్లకి ఇంకొకటి. కానీ ‘అవుట్‌పుట్ అదే, లోపల కోడ్ వేరు’ అంటే ఇద్దరికీ అర్థమవుతుంది. 2005 జనవరి 1 నుంచి మందు మీద కూడా పేటెంట్ వచ్చి ఆ తలుపు చాలావరకు మూసుకుంది.

2009 మే. దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు దొరికింది మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులోనే. మందు చేసే కంపెనీ ఉన్న ఊరే. అయినా వీధి చివర మెడికల్ షాపులో అది దొరికేది కాదు. మొదట సర్కారు ద్వారానే, తర్వాత షెడ్యూల్ ఎక్స్ లైసెన్సున్న కొద్ది షాపుల్లో. ఇష్టమొచ్చినట్టు మింగితే వైరస్ మొండికేస్తుందని భయం, అది న్యాయమైనదే. కానీ ఈ మందు బాగా పనిచేసేది లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే. టెస్టుకి ఒక రోజు, షాపు వెతకడానికి ఇంకో పూట పోతే ఏం మిగులుతుంది? 2017 దాకా ఆ షెడ్యూల్ అలాగే ఉంచడం నాకైతే అతి అనిపిస్తుంది.

ఇంకో ఫ్లూ మందు ఫావిపిరావిర్. జపాన్‌లో టోయామా కంపెనీది, 2014లో అక్కడ అనుమతించారు. 2020లో కోవిడ్ వచ్చాక తార్నాక ఐఐసీటీ దాన్ని చవగ్గా చేసే పద్ధతి తయారుచేసి సిప్లాకి ఇచ్చింది. కోవిడ్ మీద ఆ మందు ఆశించినంత పనిచేయలేదు, అది వేరే సంగతి. పద్ధతి మాత్రం మనది, అణువు మళ్లీ బయటిదే. మన ఊరి ల్యాబులో పుట్టిన కొత్త ఫ్లూ అణువు మందుగా షాపుకి వచ్చిన రోజు ఇంకా రాలేదు.

ఐఐసీటీ కథ నిజాం కాలంలో, 1944లో మొదలవుతుంది. దాన్ని వచ్చే ఎపిసోడ్‌లో చెప్పుకుందాం.