శ్రీకాకుళంలో వచ్చిన కల

ఆముక్తమాల్యద అవతారికలోని కలను మనం ఎక్కువగా ఒక్క పద్యం కోసమే తలచుకుంటాం. తెలుగును మెచ్చిన ఆ పద్యం ప్రవాసాంధ్రుల సభల్లో వినిపిస్తూనే ఉంటుంది. దాని చుట్టూ ఉన్న కథనాన్ని చదివేవారు తక్కువ. మేమూ చాలాకాలం అలాగే చదివాం.

ఆ కథనం ఉపవాసదీక్షలో వచ్చిన కలను పూసగుచ్చినట్టు అక్షరబద్ధం చేసినది. కళింగ దండయాత్రకు కదలిన కృష్ణదేవరాయలు విజయవాటిలో కొన్నాళ్లు విడిసి శ్రీకాకుళం వెళ్లాడు. ఇది ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం కాదు, కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలోనిది. అక్కడ ఆంధ్రమహావిష్ణువును సేవించి ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి నాలుగో జామున కల వచ్చింది. చోటు, తిథి, జాము చెప్పిన రాయలు సంవత్సరం మాత్రం చెప్పలేదు. ఉదయగిరి 1514లో, కొండవీడు 1515లో ఆయన వశమయ్యాయి. సింహాచలంలో 1516 నాటి శాసనం ఉంది. కాబట్టి కలను 1515-16 ప్రాంతంలో పెట్టుకోవలసి వస్తోంది. ఈ లెక్క మనకు కావాలి గాని, ఆయనకు కావలసింది ఉపవాసమూ వేకువజామూ. తెల్లవారుజాము కల ఫలిస్తుందని మన ఇళ్లలో పెద్దలు ఇప్పటికీ అంటారు.

తాళ్లపాక రాగిరేకు తీరు వేరు. అన్నమాచార్యులకు పదహారో ఏట స్వామి కనిపించిన సంగతికి శకవర్షం 1346 (క్రీ.శ. 1424), క్రోధి సంవత్సరమని అది లెక్క చెబుతుంది. అయితే అక్కడి మాట ‘ప్రత్యక్షం’, కల కాదు.

రాయల కలలో దేవుడు తాను తెలుగురాయణ్ణని చెప్పుకొని, ఎదుటివాణ్ణి కన్నడరాయా అని పిలుస్తాడు. చెప్పమన్నదేమో తమిళదేశపు శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి కథ, ఆమెకు శ్రీరంగంలో జరిగిన పెళ్లి కథ. కర్ణాటకలోనూ తమిళనాడులోనూ తరతరాలుగా ఉంటున్న తెలుగువారికి తెలుగును మెచ్చిన పద్యం కన్న ఈ పద్యమే దగ్గరిదని మాకు తోస్తుంది. పైగా గోదాదేవి కూడా కల చెప్పుకున్నదే. తన పెళ్లి కలగా వచ్చిన తీరును నాచ్చియార్ తిరుమొళిలో చెలికత్తెకు ఘట్టం వెంట ఘట్టంగా చెబుతుంది. శ్రీవైష్ణవుల పెళ్లిళ్లలో ఆ పాశురాలు నేటికీ చదువుతారు.

మేలుకొన్నాక రాయలు వెంటనే గంటం పట్టలేదు. నిత్యకృత్యాలు తీర్చుకొని, కొలువుదీర్చి, పండితులకు కల వినిపించాడు. వారు దాని ఫలం చెప్పిన తరువాతనే కావ్యం మొదలైంది. అంకితం వేంకటేశ్వరునికి. అదీ కలలోని ఆజ్ఞే: పేరు వేరు గాని ఆయనా తానూ ఒకటేనని ఆంధ్రవిష్ణువే చెప్పాడు.