మోటుపల్లి రేవు: అభయశాసనము

పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ప్రాంతములవారికి సముద్రము మిక్కిలి దూరము. అయినను విజయనగర సేనలకు మేలుజాతి గుఱ్ఱములు నావలమీఁదనే వచ్చెడివి; 1565వ సంవత్సరము పిమ్మట నా రాజ్యమునకుఁ బెనుకొండయే రాజధాని. కావున నీ మెట్టసీమ చరిత్రము నారయువారు రేవుల చరిత్రమును గూడ నారయవలసియున్నది. అందు మోటుపల్లి శాసనములు ముఖ్యములు.

చినగంజాము స్టేషనులో దిగి, యుప్పుమళ్లు దాఁటి, సముద్రము వంకకుఁ బోయినచో నిసుకదిబ్బలును దాటితోఁపులును గానవచ్చును. వానినడుమ మోటుపల్లి చిన్నపల్లెగా నున్నది. ఓడలను గాచు కొండగాని పెద్దనదీముఖముగాని యిచట లేదు. ఇట్టిచోట దేశ్యుయ్యకొండపట్టణమను నామాంతరముగల మహారేవు వెలయుటకుఁ గారణమేమి? వీరభద్రాలయమునందలి శిలాస్తంభమే సమాధానము చెప్పుచున్నది.

కాకతీయ గణపతిదేవుఁడు శాలివాహన శకము 1166న, అనఁగాఁ గ్రీస్తుశకము 1244–45లో, దీనిని వేయించెను. పూర్వరాజులు తుపానుచే దెబ్బతిని యొడ్డునఁ బడిన యోడలలోని బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగువానిని బలాత్కారముగాఁ గొనుచుండిరఁట. ప్రాణముకంటెను ధనమును మిన్నగా నెంచి సముద్రమునకుఁ దెగించిన వర్తకులయెడఁ గనికరించి, కీర్తికిని ధర్మమునకును గాను, నియతశుల్కమునుదప్ప సర్వమును విడిచితినని యీ రాజు చాటెను. ఆ శుల్కము ముప్పదింట నొకటి. కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పట్టు, మిరియములు మొదలగు సరకులకు వేర్వేఱుగాఁ బట్టికయు నందుఁ గలదు.

పదుమూఁడవ శతాబ్ది తుదిని మార్కోపోలో ఈ రేవును ముత్ఫిలియని పేర్కొని, యిచ్చటి వజ్రములను, సన్నని వస్త్రములను గొనియాడెను. 1323లో నోరుగల్లు పడిపోయెను. 1358లో రెడ్డిరాజగు అనపోతభూపాలుఁడును, 1390లో విజయనగర రాజకుమారుఁడు దేవరాయఁడును ఇచ్చటనే వర్తకులకు మరల నభయ మొసఁగిరి. ఒకమాఱు చాటిన యభయమును మరల మరలఁ జాటవలసివచ్చుటకుఁ గారణ మూహింపవచ్చును. రాజ్యము మాఱినప్పుడెల్ల వర్తకునకు వెనుకటి భయము తిరిగివచ్చెడిది. క్రొత్తప్రభువు మాట వినకున్న నాతఁడు సరకును వేఱొక తీరమున దింపఁగలఁడు. కాఁబట్టి మోటుపల్లికి రేవుతనము నొసఁగినది నీరుకాదు, రాజు పలికిన మాట.

మనము శాసనములలోఁ బ్రశస్తిశ్లోకములను మాత్రమే శిష్యులచే వల్లింపించి, పన్నుల పట్టికను విడిచిపెట్టుట తగదు. రాజు తన్నుఁగూర్చి చెప్పికొనిన మాటలు శ్లోకములలోనున్నవి. ప్రజలకు నిచ్చిన మాట యా పట్టికలో నున్నది.