ఇంజన్ రాని విమానం

1971 ఫిబ్రవరి 24న మొదటి అడ్వాన్సు ముట్టింది. రెండు వందల డాలర్లు. కట్టినవాడికి దక్కింది వరుసలో ఒక చోటు. విడిభాగాల పెట్టెలు 1972 మే 24 నుంచి ఇళ్లకు చేరతాయని కంపెనీ చెప్పింది. ఆ మాట ఇచ్చిననాటికి ఆ విమానం ఒక్కసారి కూడా నేల విడిచి లేవలేదు.

దాని పేరు బీడీ-5. రూపకర్త అమెరికా ఇంజనీరు జిమ్ బీడీ. ఆయన పని సాగిన ఊరు కాన్సస్ రాష్ట్రంలో గోధుమ పొలాల నడుమ ఉన్న న్యూటన్. ఇంటి గ్యారేజీలో, చేతి పనిముట్లతో, ఎవరికి వారు కట్టుకునే విమానం అది. ఇళ్లలో కట్టుకునే విమానాల్లో దానంతగా జనం మనసు దోచినవి తక్కువ. దానంతగా ఏడిపించినవి ఇంకా తక్కువ.

కాన్సస్ కథ ఆళ్లగడ్డలో చెప్పడం ఎందుకని ఎవరైనా అడగొచ్చు. కర్నూలు నుంచి కడప పోయే రోడ్డు మీద ఆళ్లగడ్డ దాటేవాళ్లకు శిల్పుల షెడ్లు కనిపిస్తాయి. అక్కడా పని మొదలయ్యేది అడ్వాన్సుతోనే. గుడి కట్టేవాళ్లు వస్తారు, కొంత డబ్బు చేతిలో పెడతారు, ప్రతిష్ఠ ముహూర్తం చెప్పి పోతారు. ఆ రోజుకు విగ్రహం వాళ్ల ఊరు చేరాల్సిందే. రాయిలో పగులు బయటపడిందని ముహూర్తం ఆగదు. అందుకే తెలిసిన శిల్పి ముందు రాయిని సుత్తితో తట్టి, దాని పలుకు విని, ఆ తర్వాతే మాట ఇస్తాడు. బీడీ రాయిని తట్టకుండానే వేల మందికి ముహూర్తం పెట్టాడు. ఆయన పతనమంతా అక్కడ మొదలైందని నా నమ్మకం.

అమెరికాలో ఇంట్లో విమానం కట్టుకోవడం అప్పటికే కొత్త కాదు. పాల్ పోబరెజ్నీ అనే ఆయన 1953లో మిల్వాకీలో ఇలాంటివాళ్ల కోసం ఒక సంఘం పెట్టాడు. ఏటా ఓష్‌కోష్‌లో పెద్ద విమానాల జాతర నడిపే ఈఏఏ అదే. పనిలో సగానికి మించి సొంతంగా, నేర్చుకోవడానికో సరదాకో చేసుకుంటే, ఆ విమానాన్ని ప్రయోగాత్మక తరగతిలో నమోదు చేసి అక్కడి ప్రభుత్వం ఎగరనిస్తుంది. మన దగ్గర ఆ దారి చాలా ఇరుకు. ముంబయి కాందివలీలో ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్ ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగితే, 2017లో గానీ దానికి రిజిస్ట్రేషన్ దొరకలేదు.

అయితే అప్పటిదాకా ఇళ్లలో తయారైనవి ఎక్కువగా గొట్టాలు, కట్టె, గుడ్డతో కట్టిన నెమ్మది విమానాలు. బీడీ-5 చూడగానే యుద్ధవిమానం గుర్తొచ్చేది. ముక్కు నుంచి తోక దాకా సుమారు 13 అడుగులు. పొడుగు రెక్కలు తొడిగినా ఈ కొస నుంచి ఆ కొసకు 21 అడుగుల చిల్లర. పైలట్ వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని, తల మీద గుండ్రటి అద్దం కింద ఒదిగి ఉంటాడు. ప్రొపెల్లర్ తోక దగ్గర, వెనక. చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. రెక్కలు ఊడదీసి, ట్రైలర్ మీద వేసుకుని, కారు వెనక ఇంటికి లాక్కెళ్లిపోవచ్చు. నలభై గుర్రాల శక్తి ఉన్న చిన్న ఇంజన్‌తోనే గంటకు 200 మైళ్లు, అంటే 320 కిలోమీటర్లు దాటుతుందని ప్రకటనలు ఊదరగొట్టాయి. 1971 ముగిసేసరికి ఆర్డర్లు 4,300 దాటాయి.

ఆ డబ్బు కట్టినవాళ్లను దురాశాపరులనడానికి నాకు మనసు రాదు. వాళ్లు లాటరీ కొనలేదు, పని కొనుక్కున్నారు. రేకు కత్తిరించడం, రంధ్రాలు వేయడం, వందల కొద్దీ రివెట్లు కొట్టడం, డ్రాయింగు ముందు పరుచుకుని అర్ధరాత్రి దాకా తల పట్టుకోవడం, ఇదంతా తమదే కావాలనుకున్నారు. చేసిన వస్తువులో తామే కూర్చుని పైకి లేవాలనుకున్నారు. ఇంతకన్నా గౌరవమైన కోరిక ఏముంటుంది?

1971 సెప్టెంబర్ 12న నమూనా విమానం కాసేపు గాలిలోకి లేచింది. ఫైబర్ గ్లాస్ ఒళ్లు, ఇంగ్లిషు వీ అక్షరంలా విచ్చుకున్న తోక, మంచు మీద నడిచే బండ్ల కోసం చేసిన పొలారిస్ ఇంజన్. గాలిలో నిలకడ చాలలేదు. తోక మార్చారు, ఒళ్లు అల్యూమినియంకు మార్చారు. రెండో నమూనా 1972 జూలైలో ఎగిరింది. అప్పటికి పెట్టెలు పంపుతామన్న తేదీ దాటిపోయింది. కొత్త విమానం పుట్టుకలో ఇలాంటి మార్పులు ఉండేవే. వాటిని ఎవరూ తప్పుపట్టరు. జనం డబ్బు లోపలికి వచ్చి కూర్చున్నాక మాత్రం ప్రతి మార్పూ ఒక వాయిదా అవుతుంది, ప్రతి వాయిదాకూ వేల ఇళ్లలో ఎదురుచూపు ఉంటుంది.

ఒళ్లు చివరికి కుదిరింది. అందరూ మెచ్చిన ఒళ్లే. కుదరనిది ఇంజన్.

ఎందుకు కుదరలేదో కాస్త వివరంగా చెప్పాలి, ఈ విషాదానికి గుండెకాయ అదే గనక. ఇంజన్ పైలట్ వీపు వెనక ఉంటుంది, ప్రొపెల్లర్ తోక దగ్గర, అంతకన్నా ఎత్తులో ఉంటుంది. రెంటినీ కలపడానికి బెల్టూ పొడవాటి షాఫ్టూ కావాలి. రెండు స్ట్రోకుల చిన్న ఇంజన్ సాఫీగా తిరగదు, కొట్టుకున్నట్టు తిరుగుతుంది. ఆ కుదుపు షాఫ్టు పొడవునా మెలిపెడుతూ పోతుంది. ఒక్కో వేగంలో ఆ మెలి తనను తానే పెంచుకుని భాగాలను విరిచేస్తుంది. దీన్ని అదుపు చేయడానికి నెలల కొద్దీ పరీక్షలు కావాలి. పరీక్షలన్నీ ఒకే ఇంజన్‌తో జరగాలి. ఇంజన్ మారితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఇంజన్ మారుతూనే వచ్చింది. పొలారిస్ తర్వాత కీకాఫర్ కంపెనీదాన్ని ప్రయత్నించారు. అది కాదని జర్మనీలోని హిర్త్ ఇంజన్‌కు వెళ్లారు. అది కాస్త దారికొచ్చింది అనుకునేసరికి 1974లో హిర్త్ కంపెనీ దివాలా తీసింది. అప్పటికి న్యూటన్ చేరినవి సుమారు 500 ఇంజన్లు మాత్రమే. వెతుక్కుంటూ జపాన్ వెళ్లి జెనోవా కంపెనీని పట్టుకున్నారు. ఆ ఇంజన్ సిద్ధమయ్యేలోపు మరిన్ని ఏళ్లు గడిచాయి.

ఈలోగా కంపెనీ కిట్ కొన్నవాళ్ల ముందు ఒక దారి పెట్టింది: ఇంజన్ లేకుండా మిగతా పెట్టెలు ఇప్పుడే పంపుతాం, ఇంజన్ తర్వాత వస్తుంది. చాలామంది సరేనన్నారు. ఎందుకనరు? ఏళ్ల తరబడి చూస్తున్నది గుమ్మం ముందుకు వస్తానంటే వద్దనేవాడెవడు? పెట్టెలు వచ్చాయి. కార్లు బయట ఎండలో నిలబడ్డాయి, గ్యారేజీలో విమానం పెరిగింది. పక్క రేకులు అమిరాయి, చక్రాలు ముడుచుకోవడం నేర్చాయి, అద్దం మూత పడింది. పిల్లలు ఎక్కి కూర్చుని చూసుకున్నారు. వీపు వెనక గది మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ప్రతిష్ఠ నాడు శిల్పి కన్ను తెరిచేదాకా ఎంత గొప్ప విగ్రహమైనా రాయే గదా. వేల ఇళ్లలో ఆ ముహూర్తం రాకుండానే ఏళ్లు జరిగిపోయాయి. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఇళ్లు చేతులు మారాయి, విమానాలు గోడకు ఆనించిన రెక్కలతో దుమ్ము పట్టాయి.

ఆగలేనివాళ్లు దొరికిన ఇంజన్ బిగించారు. కొందరు హోండా సివిక్ కారు ఇంజన్ కూడా పెట్టారు. బరువు మారితే విమానం తూకం మారుతుంది. బీడీ-5లో ఆ తూకానికి ఉన్న వెసులుబాటు అసలే తక్కువ. దీనికి తోడు ప్రొపెల్లర్ ఎత్తులో ఉండటంవల్ల, ఇంజన్ తోస్తున్నంతసేపూ ముక్కును కిందికి నొక్కుతూ ఉంటుంది. ఇంజన్ హఠాత్తుగా ఆగితే ముక్కు పైకి లేస్తుంది, వేగం పడిపోతుంది. చటుక్కున ముక్కు దించకపోతే రెక్కలు గాలిని పట్టుకోలేవు. నేలకు కొన్ని వందల అడుగుల ఎత్తులో, అలవాటు లేని విమానంలో, మొదటిసారి లేస్తున్నవాడికి దొరికేది రెండు మూడు సెకన్లు. పొట్టి రెక్కలతో పూర్తయిన మొదటి నాలుగు విమానాలూ తొలిసారి ఎగిరినప్పుడే దెబ్బతిన్నాయి, మూడు లేచేటప్పుడు, ఒకటి దిగేటప్పుడు. ప్రాణాలు పోయాయి. ఆ రివెట్లన్నీ స్వయంగా కొట్టుకున్నవాళ్లు వాటి మధ్యే పోయారు. ఈ కథలో నన్ను నిద్రపోనివ్వనిది కంపెనీ అప్పుల లెక్క కాదు, ఇదే.

ఈ ప్రమాదం ఎలాంటిదో కంపెనీలో తెలిసిన మనిషి ఒకడుండేవాడు. బర్ట్ రుటాన్ 1972లో న్యూటన్ వచ్చి పరీక్షల విభాగం చూసుకున్నాడు. ట్రక్కు ముందు భాగాన బీడీ-5ను బిగించి, రన్‌వే మీద పరుగెత్తించి, లేవడం దిగడం ఎలా ఉంటుందో కొన్నవాళ్ల చేతికి అలవాటు చేసే ఏర్పాటు ఆయన హయాంలోదే. ఎంత మంచి ఆలోచన! ఇల్లు వదిలి న్యూటన్ దాకా వచ్చి అందులో కూర్చోగలిగినవాళ్లకు అది మేలు చేసింది. 1974లో రుటాన్ ఉద్యోగం వదిలి కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారికి వెళ్లిపోయాడు. అక్కడ ఆయన అమ్మింది డ్రాయింగులు మాత్రమే. తాను కట్టి, ఎగిరి చూసిన విమానం బొమ్మలు కాగితం మీద గీసి ఇచ్చాడు. ఇంజన్ మార్కెట్లో దొరికేదే. ఎవరి డబ్బూ తన దగ్గర ఇరుక్కోలేదు. ఆయన గీసిన వాయేజర్ విమానం 1986 డిసెంబర్‌లో ఎక్కడా ఆగకుండా, మళ్లీ ఇంధనం పోసుకోకుండా భూమిని చుట్టి వచ్చింది. న్యూటన్‌లో నేర్చుకున్న పాఠం వృథా పోలేదు, నేర్చుకున్న మనిషి వేరు, అంతే.

బీడీ మాత్రం ఆగలేదు. ప్రొపెల్లర్ విమానానికి ఇంజన్ దొరక్క జనం కాచుకుని ఉండగానే, అదే ఒంటికి ఫ్రెంచి మైక్రోటర్బో జెట్ ఇంజన్ పెట్టి బీడీ-5జె తయారుచేశాడు. ప్రదర్శనల్లో అది జనాన్ని ఊపేసింది. ప్రపంచంలో అతి చిన్న జెట్‌గా రికార్డుకెక్కింది. 1983లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ఆక్టోపస్సీలో గుర్రాల ట్రైలర్ నుంచి బయటికి వచ్చి ఎగిరే బుల్లి విమానం అదే. ఉదయపూర్‌లో కొంత తీసిన ఆ సినిమాను మన దేశంలోనూ ఎందరో చూశారు. తెర మీద అది పెట్రోలు బంకు ముందు ఆగినప్పుడు నవ్వుకున్నవాళ్లకు, దాని తోబుట్టువులు వేలల్లో ఇంజన్ లేక పడి ఉన్నాయని తెలిసే అవకాశం లేదు.

ఫ్యాక్టరీలోనే పూర్తిచేసి ఇస్తామంటూ బీడీ-5డి అనే రకానికి కూడా అడ్వాన్సులు పట్టారు. దాదాపు 700 మంది తలా 600 డాలర్లు కట్టారు. ఆ విమానాలు రానేలేదు. మొత్తం మీద 5 వేల పైచిలుకు కిట్లు అమ్మిన కంపెనీ 1979లో దివాలా తీసింది. వినియోగదారుల తరఫున చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం, పదేళ్ల పాటు విమానాల కోసం ముందస్తు డబ్బు తీసుకోనని బీడీ సంతకం పెట్టాల్సి వచ్చింది. కిట్ కొన్న వేల మందిలో ఆకాశం చూసినవాళ్లు కొన్ని వందలు.

బీడీ దొంగ అని రాసినవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దొంగ అయితే అంత అందమైన విమానం గీయడు. దొంగ అయితే రెండో నమూనా, మూడో నమూనా, నాలుగు దేశాల ఇంజన్లు అంటూ డబ్బంతా పనిలోనే తగలేయడు. ఆయన తన లెక్కలను నమ్మాడు. ఇంజన్ వచ్చే నెల వస్తుందని జనానికి చెప్పినప్పుడు ముందు తానే నమ్మాడు. ఆ నమ్మకం తన డబ్బుతో ఆగిపోయి ఉంటే ఎవరికీ నష్టం ఉండేది కాదు. ఇతరుల డబ్బుతో, ఇతరుల సాయంత్రాలతో, చివరికి ఇతరుల ప్రాణాలతో నమ్మాడు. అందువల్ల ఆయన నేరం దొంగతనం కాకపోయినా చిన్నదేమీ కాదు.

ఆ తర్వాతా మారలేదు. ఇంట్లో కట్టుకునే జెట్ అంటూ బీడీ-10 తెచ్చాడు. 1992లో తొలిసారి ఎగిరిన ఆ రకం విమానాలు ఐదే తయారయ్యాయి. వాటిలో మూడు కూలాయి. జిమ్ బీడీ 2015 జూలై 9న కన్నుమూశాడు. బీడీ-5లు కొన్ని నేటికీ ఎగురుతున్నాయి. యజమానులు రెక్కలు పొడిగించి, తూకం సరిచేసి, తమకు తోచిన ఇంజన్ పెట్టి, ఓపికగా నిలబెట్టుకున్నవి.

నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఇంజనీరింగ్ చదువుతున్నారు, అమెరికా వెళ్తున్నారు. 2021లో మొదలైన ఓర్వకల్లు విమానాశ్రయం వాళ్లకు దూరమేమీ కాదు. వీళ్లలో ఒకరికి రేపు సొంత విమానం కట్టుకోవాలనిపించవచ్చు. అనిపించాలి కూడా. బాబూ, అమ్మా, అలా అనిపించిన రోజున రెక్కల బొమ్మ చూసి డబ్బు కట్టొద్దు. ఇంజన్ ఎక్కడుందో అడగండి. మీ కళ్ల ముందు గంటసేపు తిప్పి చూపమనండి. చూపలేకపోతే అడ్వాన్సు జేబులోనే పెట్టుకుని ఇంటికి రండి.