జంట హాస్యంలో అమెరికా చరిత్ర

అమెరికా టెలివిజన్‌లో పాత జంట హాస్యనటుల చిత్రాలను ఒకదాని వెంట ఒకటిగా గంటల తరబడి ప్రసారం చేయడాన్ని మారథాన్ అంటారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవారికి అది మొదట కాలక్షేపంగానే తోచినా, ఆ చిత్రాలను విడుదలైన సంవత్సరాల వరుసలో చూస్తే మద్యనిషేధం, ఆర్థిక మాంద్యం, నిర్బంధ సైనిక నియామకం అనే మూడు ఘట్టాలు సామాన్యుడి వైపు నుంచి కనిపిస్తాయి.

ఈ హాస్యానికి మూలం వాడెవిల్. పాట, నృత్యం, గారడీ, హాస్యం విడివిడి అంశాలుగా సాగే ఆ రంగస్థల ప్రదర్శనలో, బుర్రకథకుడికి హాస్యపు వంత అడ్డుతగిలినట్టే, ఒకరు గంభీరంగా చెప్పిన మాటను మరొకరు తలకిందులు చేసేవారు; రేడియో, టాకీలు ఆ వేదికలను దెబ్బతీయడంతో ఆ పద్ధతి సినిమాకు తరలింది.

ఇంగ్లండులో 1890లో పుట్టిన స్టాన్ లారెల్, జార్జియా రాష్ట్రంలో 1892లో పుట్టిన ఆలివర్ హార్డీ 1927లో హాల్ రోచ్ స్టూడియోలో జంటగా కుదిరారు. మద్యం తయారీ, అమ్మకం 1920 నుంచి 1933 దాకా దేశమంతటా నేరంగా ఉండగా వచ్చిన 'పార్డన్ అస్' (1931)లో వారు ఇంట్లో బీరు కాచి, పోలీసుకే అమ్మజూపి జైలుపాలవుతారు; ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995 నాటి సంపూర్ణ మద్యనిషేధాన్నీ, గుడుంబా వ్యాపారాన్నీ ఎరిగిన పాఠకులకు ఈ హాస్యం వెంటనే అందుతుంది. 1929లో స్టాక్ మార్కెట్ కుప్పకూలాక, 1933 నాటికి శ్రామికుల్లో సుమారు నలుగురికి ఒకరు పని కోల్పోయిన ఆ మాంద్యకాలంలో, వారు 'వన్ గుడ్ టర్న్' (1931)లో తిండి కోసం తలుపు తట్టే నిరుద్యోగులు, ఆస్కార్ పొందిన 'ది మ్యూజిక్ బాక్స్' (1932)లో పొడవాటి మెట్ల మీదుగా పియానో చేరవేసే కూలీలు.

దేశం యుద్ధంలోకి దిగకముందే, 1940 సెప్టెంబరులో, 21 నుంచి 35 ఏళ్ల పురుషులు సైనిక సేవకు పేరు నమోదు చేసుకోవాలన్న చట్టం వచ్చింది. 1941 జనవరిలో విడుదలైన 'బక్ ప్రైవేట్స్'లో బడ్ అబాట్, లూ కాస్టెల్లో వీధిలో టైలు అమ్ముకునేవారు. పోలీసుకు భయపడి పరుగెత్తి, సినిమాహాలనుకుని సైనిక నమోదు కేంద్రంలో దూరి సిపాయిలవుతారు. యుద్ధానంతరం కార్యక్రమాల కొరతతో ఉన్న టెలివిజన్ కేంద్రాలు ఇటువంటి పాత చిత్రాలను ఆశ్రయించాయి. న్యూయార్క్‌లోని డబ్ల్యూపీఐఎక్స్ కేంద్రం అబాట్, కాస్టెల్లో చిత్రాలను ఏళ్ల తరబడి ఆదివారాల్లో ప్రసారం చేసింది.

అయితే 'పార్డన్ అస్'లోనే, జైలు నుంచి పారిపోయిన లారెల్, హార్డీ ముఖాలకు నల్లరంగు పూసుకుని పత్తిచేలో నల్లజాతి కూలీల మధ్య దాక్కుంటారు. ఆకలి మీదా, నిరుద్యోగం మీదా పుట్టిన నవ్వులో ప్రేక్షకుడు తనను చూసి తానే నవ్వుకున్నాడు. ఈ దృశ్యంలో మాత్రం బానిసత్వపు వారసత్వాన్ని మోస్తున్నవారి రూపమే వేషంగా మారింది. పత్తి ఏరే కూలీల శ్రమ ఎరిగిన ఓరుగల్లు ప్రాంత పాఠకులు గమనించవలసింది ఈ తేడానే: ఆ దేశం తన కష్టాల్లో వేటిని పంచుకుందో, వేటిని పరాయివిగా చూసిందో ఈ హాస్యమే నమోదు చేసింది.