రుచి నేలది: గోల్కొండ ద్రాక్ష, బోర్డో వైన్

ఆబ్కారీ శాఖలో ముప్పై రెండేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఎన్ని సీసాలు, ఎన్ని లీటర్లు, సుంకమెంత అన్నది రిజిస్టర్లలో రాశానే గాని, సీసాలోని దాని రుచి ఎరగను. 1993లో సారా నిషేధాన్నీ, 1995 నుంచి 1997 వరకు సాగిన మద్యనిషేధాన్నీ దగ్గరుండి చూశాను. తాగుడు వల్ల చితికిన సంసారాలనూ చూశాను. కనుక తాగమని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదని ముందే మనవి.

కిందటేడు మా అల్లుడు ఫ్రాన్సు నుంచి బోర్డో ఎర్ర వైన్ ఒక సీసా తెచ్చాడు. లాల్ దర్వాజాలోని మా ఇంట్లో చూడ్డం, వాసన పట్టడం, రుచి తెలుసుకోవడం ఎలాగో చూపించాడు. గ్లాసులో మూడోవంతే పోసి, తెల్లకాగితం ముందు వంచి చూడాలి. కొత్తదైతే అంచు నేరేడు రంగులో, పాతదైతే ఇటుక రంగులో ఉంటుంది. గ్లాసును మెల్లగా తిప్పి వాసన పట్టాలి. ఒక్క గుక్క నోట్లో కాసేపు ఉంచి నాలుకంతా తడపాలి.

నాకు ముందుగా తెలిసింది వగరు. మా ఆవిడ నా ముఖం చూసి, “ఏమండీ, ఉగాది పచ్చట్లో మామిడి పిందె నమిలినట్టున్నారే!” అంది. సరిగ్గా అదే. ఎర్ర వైన్‌కు నల్లద్రాక్షను తొక్కతో సహా పులియబెడతారు. రంగూ, వగరూ తొక్క నుంచే వస్తాయి. కాబర్నే ద్రాక్ష వగరునూ బిగువునూ ఇస్తే, మెర్లో ద్రాక్ష మెత్తదనాన్నిస్తుంది. రెండూ కలిపి 225 లీటర్ల ఓక్ పీపాల్లో నెలల తరబడి ఉంచుతారు. మంచి సరుకైతే సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ వగరు నెమ్మదిస్తుంది. ఉగాది పచ్చడిలాగే ఇందులోనూ ఏ ఒక్క రుచీ మిగతావాటిని మింగెయ్యకూడదు.

1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో ఎర్ర వైన్లను ఐదు తరగతులుగా విభజించారు. నాటి నుంచి నేటి వరకు రెండో తరగతి నుంచి మొదటి తరగతికి ప్రమోషన్ దక్కింది ఒక్క తోటకే, అదీ 1973లో. మన శాఖే నయం!

ఇంతకీ ఇది మనకెందుకంటారా? 1660లలో అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో గోల్కొండ చూసిన తెవెనో అనే ఫ్రెంచి యాత్రికుడు, ఇక్కడ ద్రాక్ష జనవరిలో పండుతుందనీ, కొన్ని తోటల్లో ఏప్రిల్ దాకా కోస్తారనీ, దానితో తెల్ల వైన్ చేస్తారనీ రాశాడు. నిజాం కొలువులో సేనాని అయి 1798లో ఇక్కడే కన్నుమూసిన రేమండ్ పుట్టింది బోర్డో ఉన్న నైరుతి ఫ్రాన్సులోనే. హిందువులు మూసా రామ్ అనీ, ముస్లింలు మూసా రహీం అనీ పిలుచుకున్న ఆయన పేరే మన మూసారాంబాగ్.

బోర్డోలో చలికాలం తీగ నిద్రపోతుంది. మన దగ్గర దానికి నిద్ర లేదు. అందుకే మన రైతులు వేసవిలో ఒకసారి, వానలు వెనకబడ్డాక మరోసారి కొమ్మలు కత్తిరించి ఒక్క పంట తీశారు. అలా పెరిగినదే మన అనాబ్-ఎ-షాహీ, అంటే రాచద్రాక్ష. అది తెల్లద్రాక్ష కనుక ఎర్ర వైన్‌కు పనికిరాదు గాని, తినడానికి దానికి సాటి లేదు. మా పెళ్లయిన కొత్తలో చార్మినార్ దగ్గర బండి మీద కొన్న ఆ గుత్తులు, గింజలతో సహా, ఇంకా గుర్తున్నాయి.

తర్వాత నగరం పెరిగింది, బావులు ఎండాయి, పందిళ్లు పోయి ప్లాట్లొచ్చాయి. బోర్డోవాళ్లు నూట డెబ్బై ఏళ్లుగా తోటల పేర్లు కాపాడుకుంటున్నారు. మనం ఒక తరంలోనే చుట్టుపక్కల తోటలు చాలామట్టుకు పోగొట్టుకున్నాం. వాటి లెక్క ఏ రిజిస్టరులోనూ నేను రాయలేదు. ఆ బాధే ఈ వ్యాసం రాయించింది.

వచ్చే వేసవిలో మీకెక్కడైనా రాచద్రాక్ష దొరికితే మనవలకు పెట్టండి. గబగబా మింగనివ్వకండి. ముందు రంగు చూడమనండి, వాసన చూడమనండి, ఆపైన నెమ్మదిగా నమలమనండి. ఆ రుచి మన నేలదని చెప్పండి.