కరోనా వైరసుల వంశవృక్షము

తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితులకు ఒక పద్ధతి కలదు. లేఖకుని చేత ఒకచోట దొరలిన తప్పు, ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నింటికిని సంక్రమించును. కావున ఒకే తప్పును పంచుకొన్న ప్రతులు ఒకే మాతృకనుండి పుట్టినవని వారు నిర్ణయింతురు. కరోనా వైరసుల వంశక్రమమును శాస్త్రజ్ఞులు తెలిసికొన్నదియు ఈ మార్గముననే.

1960 దశాబ్దిలో జలుబు రోగులనుండి ఈ జాతి వైరసులు వేరుచేయబడినవి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వాని చుట్టును కిరీటమువంటి అంచు కనబడుటచే 1968లో ‘కరోనా’ అను పేరు వచ్చినది. అప్పటికి బంధుత్వమునకు ఆకారమే ముఖ్యాధారము. పిమ్మట జన్యులిపిని చదువు విద్య అలవడినది. ఈ వైరసు జన్యుపదార్థము నాలుగే అక్షరములతో, ఇంచుమించు 30,000 అక్షరముల నిడివి గల చిన్న పుస్తకము వంటిది.

2020 జనవరిలో చైనా శాస్త్రజ్ఞులు కొత్త వైరసు లిపిని లోకమునకు వెల్లడించిరి. 2003 నాటి సార్సు వైరసుతో అది నూటికి 79 పాళ్లు పోలినది. యునాన్ రాష్ట్రమున 2013లో గబ్బిలమునుండి సేకరించిన ఒక వైరసుతో 96 పాళ్లు పోలినది. ఇంత పోలిక చూచి ఇదియే తల్లి యని తలచుట సులభము. కాని మిగిలిన భాగమున వేయికి మించిన అక్షరభేదములు గలవు. అన్ని మార్పులు చేరుటకు పదుల కొలది సంవత్సరములు పట్టును. అది తల్లి గాదు, దూరపు దాయాది.

ఈ విద్య హైదరాబాదు నగరమునను సాగినది. సైదాబాదునకు మూసీ ఆవలి దిక్కున, హబ్సిగూడలో, 1977లో ఏర్పడిన సి.సి.ఎం.బి. పరిశోధనశాల కలదు. 2020లో డాక్టరు రాకేశ్ మిశ్రా సంచాలకులుగా నుండగా, అచ్చటి శాస్త్రజ్ఞులు భారతీయ రోగుల వైరసు లిపులను సరిపోల్చి ‘ఏ3ఐ’ అను ప్రత్యేక శాఖను గుర్తించిరి. నాలుగు అక్షరమార్పులు దాని ఇంటి గురుతులు. నాటికి పరిశీలించిన భారతీయ లిపులలో నూటికి 41 ఈ శాఖవే. ఆ యేడు ఫిబ్రవరి ప్రాంతమున ఒకే మూలమునుండి పుట్టి ఇది దేశమున వ్యాపించియుండునని వారు అంచనా వేసిరి. కొలది నెలలకే ఇది క్షీణించి, ‘డి614జి’ అను మార్పు గల శాఖ ప్రబలెను. శాఖ మారినచో వ్యాప్తి వేగము మారును, టీకా ప్రభావమును మారవచ్చును. కావున వంశవృక్షము పండితుల వినోదము గాదు, ప్రాణరక్షణకు సాధనము.

ఈ పద్ధతికిని హద్దు గలదు. ఒక గ్రంథమున మరియొక గ్రంథపు పత్రములు కలిసినట్లు, రెండు కరోనా వైరసులు ఒకే కణమున చేరినపుడు వాని జన్యుఖండములు కలిసిపోవచ్చును. అప్పుడు ఒక్కొక్క భాగము ఒక్కొక్క వంశమును చెప్పును. వైరసు మనుష్యులకు తొలుత సోకిన మార్గమును గూర్చి వివాదము తీరలేదు. మాతృకకు మరింత దగ్గరి ప్రతి దొరకనిదే పోలిక యొక్కటియే దానిని తేల్చజాలదు.

నానాదేశముల శాస్త్రజ్ఞులు తాము చదివిన లిపులను ఉమ్మడి భాండాగారములందుంచి, ఇతరులకు అందజేయుటచేతనే ఇంతవరకైనను తెలిసినది. ప్రతులను భద్రపరచి పదిమందికి అందించుటయే గ్రంథాలయ ధర్మము. ఈ విజ్ఞానమునకును అదియే ఆధారమైనది.