పటికలో నాలుగో సంఖ్య

నారాయణగూడ నుంచి విద్యానగర్ మీదుగా వెళ్తే ఉస్మానియా యూనివర్సిటీ ఎంతో దూరం కాదు. అశోక్‌నగర్, చిక్కడపల్లి గదుల్లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు, ఆ యూనివర్సిటీలో పనిచేసిన సూరి భగవంతం పేరు రక్షణమంత్రి శాస్త్ర సలహాదారుగా తెలిసి ఉండొచ్చు. ఆయన్ని అంతకంటే ముందు ఒక లెక్క కోసం గుర్తుపెట్టుకోవాలి.

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన భగవంతం హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి.రామన్ దగ్గర చేరారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు.

గాజును గట్టిగా నొక్కితే అందులో కాంతి ఒక్కో దిశకు ఒక్కో తీరుగా నడుస్తుందని శాస్త్రవేత్త బ్రూస్టర్ 19వ శతాబ్దం తొలినాళ్లలోనే గమనించాడు. స్ఫటికాల్లో ఈ మార్పును పూర్తిగా చెప్పాలంటే ఎన్ని సంఖ్యలు కొలవాలో జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ పట్టిక వేశాడు. ఘనాకార స్ఫటికాలన్నిటికీ మూడు చాలన్నాడు. దశాబ్దాలపాటు అదే చెల్లింది. 1942లో భగవంతం, సౌష్ఠవాన్ని లెక్కగట్టే గ్రూప్ థియరీతో ఆ లెక్క మళ్లీ వేశారు. ఘనాకార స్ఫటికాల్లో ఉన్నవి ఐదు తరగతులు. వాటిలో రెండింటికి నాలుగు సంఖ్యలు కావాలని తేలింది. గడ్డం గీసుకున్నాక రాసుకునే పటిక ఆ రెండింట్లో ఒక తరగతిదే. ఉప్పు స్ఫటికాన్ని ఒక ముఖం మీద నొక్కితే, మిగతా రెండు దిక్కుల్లోనూ మార్పు సమానంగా ఉంటుంది. పటికలో ఆ రెండూ సమానం కానక్కర్లేదు. పోకెల్స్ అంతటివాడి కంటికి ఆనని తేడా అది!

1949లో భగవంతం ఉస్మానియాకు ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా వచ్చారు. 1952 నుంచి 1957 దాకా వైస్ ఛాన్సలర్. స్ఫటిక సౌష్ఠవం మీద ఆయన పుస్తకం 1966లో అచ్చయింది. అదే ఉస్మానియాలో పనిచేసిన టి.ఎస్.నరసింహమూర్తి నొక్కితే స్ఫటికాల్లో కాంతి నడక మారే ఈ విద్య మీద రాసిన పెద్ద గ్రంథం 1981లో వెలువడింది.

ఇప్పుడు స్ఫటికం ఒక్క పరమాణువు మందానికి పలచబడింది. 2004లో ఒక్క పొర కర్బనమైన గ్రాఫీన్‌ను విడదీశాక, ఇలాంటి పొరల్ని సాగదీసి ఎలక్ట్రాన్ల నడకను మార్చడం పెద్ద పరిశోధనే అయింది. లాగితే ఏ సౌష్ఠవం పోతుంది, ఏది మిగులుతుంది అన్న లెక్క ఇక్కడా ముందు వేసుకోవాల్సిందే. ప్లాటినం మీద పెంచిన గ్రాఫీన్‌లో ఉబ్బిన చిన్న బుడగల దగ్గర ఎలక్ట్రాన్లు 300 టెస్లాలకు పైబడిన అయస్కాంత క్షేత్రంలో ఉన్నట్టు ప్రవర్తించాయని 2010లో బయటపడింది. మామూలు ప్రయోగశాల అయస్కాంతాలు దాని దరిదాపులకు రాలేవు.

నయోబియం డైసెలినైడ్ సంగతి ఇంకా ముచ్చటైనది. పొరలు పొరలుగా ఉండే ఈ పదార్థాన్ని సుమారు మైనస్ 240 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే ఎలక్ట్రాన్లు త్రిభుజాల ముగ్గులా సర్దుకుంటాయి. ఉపరితలం మీద వికృతి (సాగుడు) ఉన్నచోట మాత్రం ఆ ముగ్గు చారలుగా మారడం 2013లో సూక్ష్మదర్శినికి చిక్కింది.